ఉపవాసం చెడని సూది

మన్నుతో మనిషిని చేసి, ఆ మనిషి కడుపులో అంత పొడవు పేగును చిక్కుపడకుండా చుట్టిపెట్టిన దేవునికి స్తోత్రం. ఆ పేగును తాకి, కోసి, కుట్టి బతికే పనిని నా చేతులకిచ్చినందుకు స్తోత్రం. ఆ పనిలో నాకు అర్థమైన వాటికి స్తోత్రం. అర్థం కానివి అంతకంటే ఎక్కువ. వాటికీ స్తోత్రమే.

నేను గుంటూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో సర్జన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఈమధ్య మా చర్చి సంఘం పిల్లలిద్దరికి సర్జరీలో సీటు వచ్చింది. ప్రార్థన చేయించుకోవడానికి ఇంటికొచ్చి, "అంకుల్, మాకేమైనా చెప్పండి" అన్నారు. పుస్తకంలో ఉన్నది చెప్పడానికి నేనెందుకు? పుస్తకంలో లేని ఒక తికమక గురించి రాస్తాను. అది నాకు ఈనాటికీ తీరలేదు. తీరిందని రాస్తే అబద్ధమవుతుంది.

కుడివైపు గడ్డ

ముందు జబ్బు గురించి నాలుగు మాటలు. మన ఒంట్లో క్రిములతో పోరాడే తెల్లకణాలుంటాయి. కాపలా కాయాల్సిన ఆ కణాలే అదుపు తప్పి పెరిగి గడ్డ కడితే దాన్ని లింఫోమా అంటాం. మామూలుగా అది మెడలోనో చంకలోనో బిళ్ళలు కడుతుంది. అలా ఇంకెక్కడా లేకుండా నేరుగా పెద్దపేగులోనే మొదలవడం అరుదు. మొదలైతే ఎక్కువగా పొట్టకు కుడివైపు కింద, పెద్దపేగు ఆరంభంలోనే మొదలవుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. మన దగ్గర పేగు టీబీ వచ్చేదీ అక్కడే. అమీబా గడ్డ కట్టేదీ అక్కడే. మామూలు కాన్సరూ అక్కడికే వస్తుంది. చేతికి అన్నీ ఒకేలా తగులుతాయి.

నేను చేరిన కొత్తలో మా పెద్ద డాక్టరుగారు అనేవారు: "మన జిల్లాలో కుడివైపు కింద గడ్డ తగిలితే ముందు టీబీ అనుకో. తర్వాత అమీబా. తర్వాత కాన్సర్. నాలుగోది పరీక్షల్లో రాయడానికే." చాలామంది విషయంలో ఆయన మాట నిజమే. తొంభైల చివర్లో పిడుగురాళ్ల సున్నపు బట్టీలో పనిచేసే ఒకతనికి మాత్రం కాలేదు. టీబీ అని నెలల తరబడి మందులిచ్చారు. మనిషి ఎండిపోయాడు. చివరికి పొట్ట తెరిస్తే అది నాలుగోదే, లింఫోమా. అప్పటికి చేయగలిగిందేమీ లేదు. ఆరోజు చేతులు కడుక్కుంటూ పెద్దాయన నాతో అన్న మాట ఇది: "ఒరేయ్, సరైన మందు పడితే నెలన్నర, రెండు నెలల్లో మనిషి తేరుకోవాలి. తేరుకోకపోతే రోగి మాత్రలు మింగుతున్నాడా లేదా అని అనుమానించకు. ముందు నీ బుర్రని అనుమానించు."

ఆయన కఠినుడు. నర్సుల మీద అరిచేవాడు. మాటకి లొంగని దగ్గర కోపంతో పని జరిపించేవాడు. అందులో ఆయన్ని అనుసరించవద్దు. ఈ ఒక్కమాట మాత్రం గుండెలో పెట్టుకోండి.

శ్రమల దినాలకు ముందు

రెండువేల సంవత్సరం దాటాక, ఒక మిరప కోతల కాలంలో దేవదానం వచ్చాడు. చిలకలూరిపేట అవతల ఒక ఊరి మాలపల్లెలో సంఘపెద్ద. నలభై ఐదు దాటి ఉంటాడు. పత్తి చేలల్లో పురుగుమందు కొట్టే పనికి వెళ్ళేవాడు. చుట్టుపక్కల కూటాలన్నిటిలో పాట ఎత్తేది అతనే. గొంతు తెరిస్తే మైకు అక్కర్లేదు. నేను ఆ ఊళ్ళో చాలాసార్లు వాక్యం చెప్పాను కాబట్టి బాగా పరిచయం.

భార్య సుగుణమ్మ వెంట వచ్చింది. మిరపకాయలకి తొడిమలు తీసే పని ఆమెది.

"పంచె నడుం మీద నిలవట్లేదండి. ముడి మీద ముడి ఏస్తన్నాడు" అంది.

"ఏమయ్యా దేవదానం, ఎన్నాళ్ళబట్టి?"

"నాకేం తెలుసండి, గడ్డ ఉందనే నాకు తెలియదు. ఈమే చెయ్యేసి చెప్పింది."

కుడివైపు కింద, నిమ్మకాయ కంటే పెద్దది, గట్టిగా తగిలింది. మెడలో, చంకల్లో బిళ్ళలు లేవు. ఛాతీ ఎక్స్‌రే బాగుంది. బ్రాడీపేటలో నాకు తెలిసిన డాక్టరుగారి దగ్గరికి పంపి కొలనోస్కోపీ చేయించాను. పేగులోపల వాపు, దానిమీద పుండు కనిపించాయి. ముక్కలు తీసి పంపారు. మా ఆసుపత్రి పెథాలజిస్టు విజయలక్ష్మిగారు చూసి, "వాపు తప్ప ఏమీ తెలియడం లేదు. పైపై ముక్కలు ఇవి. లోతుగా తీసింది కావాలి" అన్నారు.

ఇది గుర్తుంచుకోండి. లింఫోమా పేగు లోపలి పొర కింద దాక్కుంటుంది. గొట్టంలోంచి వెళ్ళే చిన్న పట్టకారు పైపొరనే గిల్లి తెస్తుంది. రిపోర్టులో ఏమీ లేదంటే, గిల్లిన చోట ఏమీ లేదని మాత్రమే అర్థం.

రుజువు లేకుండా టీబీ మందులు మొదలుపెట్టడానికి నాకు మనసొప్పలేదు. సున్నపు బట్టీ మనిషి కళ్ళముందే ఉన్నాడు. "పొట్ట తెరిచి ఆ భాగం తీసేద్దాం, అప్పుడు పేరు తెలుస్తుంది" అన్నాను.

"కోయండి, కాదన్ను. ఈస్టర్ అయ్యాక కోయండి" అన్నాడు. "శ్రమల దినాలు మొదలవుతున్నాయి. ఊహ తెలిసినకాడ్నించీ నేను ఉపవాసం తప్పింది లేదు."

"ఇది ఉపవాసం చేసే ఒళ్ళా?"

"ఒంటిపూటేగదండీ. మీరు మాత్రం చెయ్యరా?"

ఈస్టరుకు ముందు ఆ నలభై రోజులూ నేనూ చేస్తాను. పేగు మూసుకుపోయే సూచనలు లేవు, రక్తం పోవడం లేదు. ఆరు వారాలు ఆగితే ఫర్వాలేదనిపించింది. సుగుణమ్మ నా ముఖంలోకి చూసి, "మీరూ మీరూ ఒకటేలే" అంది.

బుగ్గలు

ఈస్టర్ అయిన వారానికి తలుపు తోసుకొని వచ్చినవాణ్ణి ముందు గుర్తుపట్టలేదు. బుగ్గలు నిండాయి. ముఖం గుండ్రంగా, నున్నగా ఉంది. పంచె నడుం మీద బిగుతుగా నిలిచింది.

పడుకోబెట్టి పొట్ట మీద చేయి వేశాను. తగల్లేదు. మోకాళ్ళు మడవమన్నాను, ఊపిరి పీల్చి వదలమన్నాను, పక్కకు తిప్పాను. ఏమీ లేదు.

"ఎక్కడుందయ్యా?"

"మీరే చెప్పాలండి."

నలభై రోజులు సంఘమంతా అతని కోసం కనిపెట్టుకొని ప్రార్థించింది. మా ఇంట్లో మేమూ ప్రార్థించాం. రాజు బల్ల మీది భోజనం మానేసి పప్పుధాన్యాలు తిన్న యౌవనులు అందరికంటే నిండైన ముఖాలతో కనబడ్డారని చిన్నప్పుడు ఆదివారపు బడిలో నేర్చుకున్నాం కదా. నాకు ఆ ముఖాలే గుర్తొచ్చాయి. ఆ క్షణాన నా మనసులోకి వాక్యం వచ్చింది, వైద్యం రాలేదు.

అయినా చేతికి తగలనిదల్లా లేనట్టు కాదు. మళ్ళీ గొట్టం వేసి చూద్దామంటే దేవదానం నొచ్చుకున్నాడు. నేనూ లేఖనమే పట్టుకున్నాను. "కుష్ఠురోగిని బాగుచేసి కూడా ప్రభువు ఏమన్నాడు? వెళ్ళి యాజకుడికి కనబరచుకోమన్నాడు కదా."

నవ్వాడు. "అయితే చూడండి. ఇక్కడ యాజకుడు మీరేగా."

చూశాం. పుండు మానింది. చిన్న మచ్చ ఉంది. ముక్కల్లో ఏమీ లేదు.

ఊళ్ళో కృతజ్ఞతా కూడిక పెట్టారు. దేవదానం సాక్ష్యం చెప్పి ఏడ్చాడు. నన్నూ మాట్లాడమన్నారు. "ముందు చేతికి తగిలిన గడ్డ ఇప్పుడు తగలడం లేదు. గొట్టంతో చూసినా కనపడలేదు. నెలనెలా వచ్చి చూపించుకోవాలి" అని జాగ్రత్తగా చెప్పి కూర్చున్నాను. పాస్టరు అయ్యగారు లేచి, "విన్నారుగా, డాక్టరుగారే అన్నారు ఏమీ లేదని" అన్నారు. హల్లెలూయ అంటూ పాట లేచింది. నెలనెలా చూపించుకోవాలన్న మాట ఆ పాటలో కొట్టుకుపోయింది. నేనూ పాట అందుకున్నాను. అంత సంతోషంగా నేను పాడింది తక్కువ.

విజయలక్ష్మిగారి ప్రశ్న

తర్వాతి వారం విజయలక్ష్మిగారు మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే అడిగారు: "ఆ గడ్డ ఏమైందంటారు?"

"ప్రార్థన చేశామమ్మా."

ఆమె పూజలు చేసుకునే మనిషి. నవ్వలేదు. "మీ దేవుడు చేస్తే నా స్లయిడు మీద సంతకం పెట్టడు డాక్టరుగారూ. మనుషులు చేస్తే మాత్రం అప్పుడప్పుడు ఆనవాళ్ళుంటాయి. స్టీరాయిడ్ ఏమైనా పడిందా?"

"లేదమ్మా. నలభై రోజులు ఒంటిపూట తిన్నాడు. మందు ముట్టలేదు."

"ఒంటిపూట తింటే మనిషి చిక్కాలిగా? మీరే అంటిరి, బుగ్గలొచ్చాయని."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

యువ డాక్టర్ల కోసం విడమరుస్తాను. స్టీరాయిడ్ పడితే టీబీ రెచ్చిపోతుంది. మామూలు పేగు కాన్సర్ దాన్ని లెక్కచేయదు. లింఫోమా మాత్రం చాలాసార్లు ఎండలో వెన్నలా కరుగుతుంది. కరిగి పోదు, నక్కుతుంది. కొన్ని వారాలకో నెలలకో మళ్ళీ వస్తుంది, వచ్చేటప్పుడు మొండికేసి రావచ్చు. ఆ కరిగి ఉన్నప్పుడు ముక్క తీస్తే ఏమీ కనపడదు. అందుకే అనుమానం ఉన్న గడ్డకి పేరు తెలియకముందు స్టీరాయిడ్ ఇవ్వకండి. ముఖం గుండ్రంగా నిండటం కూడా స్టీరాయిడ్ గుర్తే. ఇది రెండో సంవత్సరం విద్యార్థికి తెలుసు. నాకూ తెలుసు.

బలానికి వేసినది

ఆ ఊళ్ళో పురుగుమందుల కొట్టు పక్క గదిలో ఆర్.ఎం.పి. కోటేశ్వరరావు వైద్యం చేస్తాడు. నేను వెళ్ళేసరికి లేచి కుర్చీ తుడిచాడు. మర్యాదస్తుడు.

"దేవదానానికి ఏమైనా సూదులు వేశావా?"

"బలానికేశానండి. బీకాంప్లెక్సు, అందులో కాస్త డెక్సా. అందరం ఏసేదేగా. ఏం, రియాక్షనొచ్చిందా?"

డెక్సా అంటే స్టీరాయిడే.

"ఉపవాసంలో ఉన్నవాడికి సూదేంటయ్యా?"

"నేను పిలిచి పొడిచానా ఏంటండి? వాళ్ళే వస్తారు. నోట్లో వేసుకునేది కాదుగా, సూదికి ఉపవాసం చెడదని మీ అయ్యగారే అన్నారంట. ఆ నలభై రోజులూ పల్లెలో సగం మంది నా బల్ల మీదే. మీకు ఉపవాసం, నాకు పండగ." అని నవ్వాడు. నా ముఖం చూసి ఆపేశాడు. "దేవదానం రోజు మార్చి రోజు వచ్చేవాడండి. ఒళ్ళు తేలిగ్గా ఉంటందనేవాడు. ఇప్పటికీ వారానికి రెండుసార్లు వస్తన్నాడు."

కోటేశ్వరరావు మీద నాకు అప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు లేదు. అర్ధరూపాయి చదువుతో ఊరంతటినీ మోసేవాడు అతనే. కానీ ఒక్కటి గట్టిగా చెబుతాను. నొప్పికీ నీరసానికీ జ్వరానికీ అన్నిటికీ ఒకే సూది వేసే అలవాటు మన ప్రాంతంలో ఎన్ని జబ్బుల ముఖాలు మార్చేసిందో దేవునికే తెలుసు. రోగిని "మందులేమైనా వాడావా" అని అడిగితే లేదంటాడు. బలానికి వేయించుకున్నది అతని దృష్టిలో మందు కాదు. "సూది ఏమైనా వేయించుకున్నావా, ఎవరి దగ్గర" అని అడగండి. ఆ మనిషి దగ్గరికి మీరే వెళ్ళి సీసా చూడండి.

అక్కణ్ణించి దేవదానం ఇంటికి నడిచాను. సుగుణమ్మ వసారాలో కాయలు పోసుకొని తొడిమలు తీస్తోంది. అతను అరుగు మీద ఉన్నాడు. అంతా చెప్పాను. దేవదానం నావైపు తిరిగాడు.

"అయితే దేవుడు చెయ్యలేదంటారా?"

"అది నాకు తెలియదు."

"సూది చేసిందంటారా?"

"చేసి ఉండొచ్చు. చేస్తే గడ్డ పోలేదు, దాక్కుంది. మళ్ళీ వస్తుంది. ఆలస్యమైతే ప్రాణం తీస్తుంది."

"మరి మీరూ ప్రార్థన చేశారుగదండీ."

అరుగు మీద అతని పక్కన కూర్చున్నాను.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"సూదులు ఆపాలి. ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, మాత్రల మీద తగ్గిస్తూ ఆపుదాం. ఆపి చూడాలి."

"ఆపి చూడటమంటే ప్రభువును శోధించడమేగా. ఆయన చేశాడో లేదో పరీక్ష పెట్టమంటున్నారు. నేను పెట్టను."

సుగుణమ్మ చేతిలో పని ఆపలేదు. "ఆయన చేసిందైతే సూది ఆపితే ఊడిపోద్దా?" అంది. "ఆపు."

ఆపాడు.

ఏమని ప్రార్థించాలి

ఆ తర్వాతి వారాలు నా ఉద్యోగ జీవితంలో నాకు అన్నిటికంటే అర్థం కానివి. పేరు తెలియకుండా కీమో ఇవ్వలేను. పేరు తెలియాలంటే ముక్క కావాలి. ముక్క కావాలంటే గడ్డ తిరిగి రావాలి. కోసి తీయడానికీ అక్కడ ఏదో ఒకటి ఉండాలి కదా.

ఉదయం మోకరించేవాణ్ణి. "ప్రభువా, దేవదానం గడ్డ…" అని మొదలుపెట్టి ఆగిపోయేవాణ్ణి. రావద్దని అడగాలా? జబ్బు లోపల నక్కి ఉంటే, రాకుండా ఎక్కువకాలం ఉండటం అతనికి మేలో కీడో నాకు తెలియదు. త్వరగా రావాలని అడగాలా? స్వస్థత కోసం నలభై రోజులు ఉపవాసమున్న సంఘానికి ఎదురుగా నిలబడి, వాళ్ళకు తెలియకుండా, వాళ్ళు అడిగిన దానికి వ్యతిరేకంగా అడగడమే అది. ఒకవేళ దేవుడే నిజంగా తీసేసి ఉంటే? నేను అడిగింది ఆయన ఇస్తే? నా భార్య, "నీ చిత్తం అని వదిలెయ్యి" అంది. వదిలేశాను. మళ్ళీ మర్నాడు ఉదయం అదే తడబాటు.

వానలు పడ్డాయి. దేవదానం రెండుసార్లు వచ్చి చూపించుకున్నాడు, ఏమీ లేదు. బుగ్గలు తగ్గాయి. సంఘంలో పాటలు ఎత్తుతూనే ఉన్నాడు. మూడోసారి రమ్మన్న రోజు రాలేదు. ఆ తర్వాత వారమూ రాలేదు.

పత్తి విత్తనాలు వేసే రోజుల్లో సుగుణమ్మే అతన్ని రెక్క పట్టుకొని తీసుకొచ్చింది.

"నా చెయ్యి పొట్ట మీద పడనియ్యట్లేదండి. గోడ వైపు తిరిగి పడుకుంటన్నాడు. అప్పుడే అనుకున్నా. నిద్రపోయినాక తడిమి చూశా. ఉంది."

చేయి వేశాను. ఉంది. ముందున్న చోటే, ముందున్నంత.

నాకు కలిగిన మొదటి భావం సంతోషం. దాని వెనకే భయం. ఆ సంతోషం ఎవరిదో, డాక్టరుదో విశ్వాసిదో, నాకు తెలియలేదు.

మాట ముందు, ముద్ద తర్వాత

దేవదానం ఆపరేషన్‌కి ఒప్పుకోలేదు.

"నేను సాక్ష్యం చెప్పానండి. మూడూళ్ళలో చెప్పాను. ఇప్పుడు కోయించుకుంటే అబద్ధ సాక్షినేగా."

"నువ్వు చూసింది చెప్పావు. గడ్డ లేనప్పుడే లేదన్నావు."

"జనం అట్టా లెక్కేస్తారా? రేపు నేను పాట ఎత్తితే ఎవరండీ అందుకునేది?"

అతను చావుకి భయపడటం లేదు. పాట అందుకునేవాళ్ళు లేకపోతారని భయపడుతున్నాడు. అటువంటి మనిషికి పేగు మూసుకుపోతుందనీ, పగులుతుందనీ ఎంత చెప్పినా చెవికెక్కదు. వార్డులో పడుకోబెట్టి పాస్టరు అయ్యగారికి కబురు పెట్టాను.

అయ్యగారు సాయంత్రం వచ్చారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, నా దగ్గర అంతా విని, దేవదానంతో అన్నారు: "పుండు లేచి చావబోయిన రాజుకి, బతుకుతావని దేవుడు ముందు మాటిచ్చాడు. ఇచ్చాకే ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద పెట్టమన్నాడు. మాట ముందు, ముద్ద తర్వాత. ముద్ద పెట్టినందుకు మాట అబద్ధం కాలేదు."

"ఆ రాజుకి ముద్ద ఒక్కసారే పెట్టారయ్యగారూ" అన్నాడు దేవదానం. "నాకు కోయాలంట, కుట్టాలంట, ఆపైన నెలల తరబడి మందు ఎక్కించాలంట."

అయ్యగారికి నవ్వొచ్చింది. దేవదానానికి రాలేదు.

"అయ్యగారూ, ఈ సంగతి ఆదివారం మీరు సంఘంలో చెబుతారా?"

అయ్యగారు నేల చూశారు. బోధించి బతికే మనిషికి అది చిన్న ప్రశ్న కాదు. "చెబుతాను" అన్నారు చివరికి. "సూదికి ఉపవాసం చెడదన్నది నేనే. ఏం సూదో నేను అడగలేదు. అదీ చెబుతాను."

"అయితే కోయండి" అన్నాడు నావైపు తిరిగి.

ఆ ఆదివారం ఆయన చెప్పారు. బోధకులు అలా చెప్పడం నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు.

పేరు తెలిశాక

పెద్దపేగు కుడి భాగమంతా గడ్డతో సహా, పక్కన గ్రంథులతో సహా తీసేశాను. కాలేయం, ప్లీహం చూశాను, బాగున్నాయి. విజయలక్ష్మిగారు ముక్క కోసి చూసి కబురు పెట్టారు. మామూలు కాన్సర్‌లో కణాలు గొట్టాల్లా, గుంపులుగా కట్టుకుంటాయి. ఇక్కడ ఒకే తీరు పెద్ద కణాలు, పరిచిన గవ్వల్లా, దేనికది విడివిడిగా ఉన్నాయి. ప్రత్యేకమైన రంగులు వేయడానికి హైదరాబాదు పంపారు. లింఫోమా అని అక్కడా తేల్చారు. ఎముక మూలుగ పరీక్ష, ఛాతీ స్కాను బాగున్నాయి. అంటే పేగులోనే పుట్టింది.

ఇక్కడ సర్జన్లకి ఒక మాట. గడ్డంతా తీసేశాం కదా అని ఊరుకోకండి. ఈ జబ్బుకి కత్తి సగమే, ఒక్కోసారి సగం కూడా కాదు. మిగతాది కీమో. మన చేత్తో తీయలేనిది ఉంటుందని ఒప్పుకోవడం సర్జన్‌కి కష్టం.

మూడు వారాలకొకసారి నాలుగు మందులు కలిపి, ఆరు విడతలు ఇచ్చాం. మూడు ఎక్కించేవి, నాలుగోది మాత్రలు. ఎర్ర మందు ఎక్కిన రోజు మూత్రం ఎర్రగా వస్తే రక్తమని హడలిపోయాడు. జుట్టు రాలింది. "గొంతు రాలలేదుగా" అనేది సుగుణమ్మ.

మాత్రలు ఏమిటని అడిగితే చెప్పాను. అదీ స్టీరాయిడే.

"ఆ సూదీ ఇదీ ఒకటేనా?"

"ఒకే ఇంటివి."

ఆ మాత్రను అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు. "అయితే కోటేశ్వర్రావు సగం కరెక్టేగా?"

సగం వైద్యం మనిషిని చంపుతుందని చెప్పాను. అది నిజం. కానీ ఆరోజు మొదలు ఇప్పటిదాకా నేను ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ ఉపవాసం లేకపోతే ఆ సూదులు లేవు. సూదులు లేకపోతే గడ్డ కరిగేది కాదు. కరగకపోతే అది ఏమిటో పొట్ట తెరవకముందే మాకు అనుమానం వచ్చేది కాదు. కానీ ఎలాగూ పొట్ట తెరిచేవాణ్ణే కదా, అప్పుడైనా పేరు తెలిసేదే కదా, నెలలు పోకుండా? తెలిసేది. లేదూ, వాయిదాల మీద వాయిదా పడి, ఎవరో ఒకరు టీబీ మందులు మొదలుపెట్టి, సున్నపు బట్టీ మనిషి దారే పట్టేవాడా? ఈ దారాన్ని ఏ కొస పట్టి లాగినా ఇంకో ముడి పడుతోంది. దేవుడు ఆ సూదిని వాడుకున్నాడా? దాని కీడులోంచి అతన్ని కాపాడాడా? రెండూ ఒకటేనా? వాక్యం బాగా నేర్చుకున్నవాళ్ళను అడిగాను. ఒక్కొక్కరు ఒక్కో వాక్యం చూపించారు. అన్నీ నిజమైన వాక్యాలే.

తర్వాత చాలా ఏళ్ళు దేవదానం పొట్ట చూపించుకోవడానికి వచ్చేవాడు. గడ్డ మళ్ళీ రాలేదు.

సాక్ష్యం

కీమో అయిపోయాక, జుట్టు కొత్తగా మొలుస్తున్న రోజుల్లో, ఒక ఆదివారం ఆరాధనలో అతన్ని సాక్ష్యం చెప్పమన్నారు. నేను ముందు వరుసలో ఉన్నాను. మందిరం నిండిపోయింది. కోటేశ్వరరావు కూడా వచ్చి కిటికీ బయట నిలబడ్డాడు. పోయినసారి ఏమైందో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు గాని, ఈసారి ఏం చెబుతాడో చూద్దామనే వచ్చారు.

దేవదానం లేచి, తలకు కట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. వాక్యమేదీ చదవలేదు. ఏడవలేదు.

"నా కడుపులో గడ్డ ఉంది. ఉపవాసమున్నాను. ఉపవాసంలో సూదులు వేయించుకున్నాను. గడ్డ పోయింది" అన్నాడు.

వెనక నుంచి ఇద్దరు ముగ్గురు అలవాటు కొద్దీ ఆమెన్ అన్నారు.

"మళ్ళీ వచ్చింది."

ఆమెన్ అన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"వచ్చిందని నాకు తెలిసినా దాచాను. సుగుణమ్మ బయటపెట్టింది. డాక్టరుగారు కోశారు. మందు ఎక్కించారు. ఇప్పుడు లేదంటున్నారు." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఇందులో దేవుడు ఏది చేశాడో నాకు తెలియదు. ఏది చెయ్యలేదో కూడా తెలియదు. నేను ఇక్కడ నిలబడి ఉన్నాను. అదొక్కటే నేను చూసింది. చూసిందే చెబుతున్నాను."

ఆమెన్ ఎక్కడ అనాలో ఎవరికీ తెలియలేదు. అయ్యగారికీ తెలియలేదు. ఆయన పాటల పుస్తకం తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు. దేవదానం ఎవరి కోసమూ ఆగకుండా పాట ఎత్తాడు. ఆ గొంతు సన్నబడింది, వణికింది. మొదటి చరణం ఒక్కడే పాడాడు. రెండో చరణానికి ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో అందుకున్నారు. తర్వాత మందిరమంతా అందుకుంది.

సర్జరీ చదవబోతున్న పిల్లలారా, ఇది చదువుతున్న మీరందరూ, కాసేపు నాతో తల వంచండి. కళ్ళు మూసుకున్నా ఫర్వాలేదు, తెరుచుకున్నా ఫర్వాలేదు.

ప్రభువా, నీవు చేసినదీ మా చేతులు చేసినదీ విడదీసి చూడటం మాకు రాదు. విడదీశామని గర్వపడేటప్పుడు మమ్మల్ని ఆపు. రోగి పొట్ట మీద మేము చేయి వేసినప్పుడు, మేము కోరుకున్నది కాకుండా అక్కడ ఉన్నది మా వేళ్ళకు తగలనివ్వు. ఏమీ లేనప్పుడు లేదని చెప్పే ధైర్యం, తెలియనప్పుడు తెలియదని చెప్పే ధైర్యం ఇవ్వు. ఏమని అడగాలో తెలియక మోకాళ్ళ మీద తడబడుతున్న డాక్టర్లు ఎక్కడెక్కడ ఉన్నారో, వాళ్ళు చెప్పలేకపోయినదాన్ని విను. ఆమెన్.